నీలం రంగు పూస్తే లింకు అయిపోదు

పదో తరగతి పిల్లల కోసం రెండు నెలలు కూర్చుని నోట్సు తయారుచేశారు మీరు. ప్రతి పాఠం కింద ఒక వీడియో లింకు, ఒక పాత ప్రశ్నపత్రం లింకు. అన్నీ నీలం రంగులో, కింద గీతతో ముచ్చటగా ఉన్నాయి. పీడీఎఫ్ చేసి తరగతి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. రాత్రి తొమ్మిదింటికి మొదటి మెసేజీ వచ్చింది. "సార్, లింకు నొక్కితే ఏమీ అవట్లేదు." పది నిమిషాలకు ఇంకొకటి. "సార్, పేజీ దొరకలేదు అని వస్తోంది." ఆ తర్వాత మూడోది. "సార్, పర్మిషన్ అడుగుతోంది."

వెంటనే మీ కంప్యూటర్లో అదే ఫైలు తెరిచి నొక్కి చూశారు. చక్కగా తెరుచుకుంది. మరి తప్పెక్కడుంది? పిల్లల ఫోన్లలోనా?

కాదు. తప్పు ఫైల్లోనే ఉంది. పైగా ఆ ముగ్గురు పిల్లలూ చెప్పినవి మూడు వేర్వేరు జబ్బులు. మొదటిదానిలో లింకే లేదు. రెండోదానిలో లింకు ఉంది, చిరునామా తప్పు. మూడోదానిలో చిరునామా సరైనదే, తలుపుకు తాళం వేసి ఉంది. ఒక్కోదానికీ మందు వేరు. ఏదీ పెద్ద చదువు అవసరమైన పని కాదు. ఈ అధ్యాయం చదివి ఒక గంట కూర్చుంటే చాలు, మీ చేతుల్లోంచి వెళ్లే ఏ పీడీఎఫ్‌లోనైనా లింకులు పనిచేస్తాయి.

ముందు ఈ ఒక్క సంగతి

సిద్ధాంతాల జోలికి వెళ్లం. ఈ ఒక్కటి మాత్రం తెలిసి ఉంటే మిగతావి సగం మీరే ఊహించగలరు.

పీడీఎఫ్‌లో అక్షరాలు వేరు, లింకు వేరు. పటం మీద అద్దం బిగించినట్టు, పేజీ మీద కంటికి కనపడని ఒక దీర్ఘచతురస్రం పరిచి ఉంటుంది. ఆ గడిలో ఎవరు నొక్కినా ఫలానా చిరునామాకు తీసుకెళ్లమని దానికి చెప్పి ఉంటుంది. కింద ఉన్నది తెలుగు అక్షరమా, ఇంగ్లీషు అక్షరమా, బొమ్మా, ఖాళీ కాగితమా అన్నది ఆ గడికి పట్టదు. నీలం రంగూ, కింది గీతా అక్షరాలకు చేసిన అలంకారం. గడి లేకపోయినా అవి అలాగే ఉంటాయి.

అడోబ్ సంస్థ 1993లో పీడీఎఫ్‌ను తెచ్చింది ఏ కంప్యూటర్లో తెరిచినా, ఏ ప్రింటరు మీద వేసినా పేజీ ఒకేలా కనపడాలని. 2008లో అది అంతర్జాతీయ ప్రమాణం కూడా అయింది. పేజీ రూపం చెదరకుండా కాపాడటమే దాని పుట్టుగుణం. లింకు ఆ రూపం మీద పరిచిన పొర మాత్రమే. అందుకే దారిలో ఎక్కడ ఏ పొరపాటు జరిగినా రూపం నిలుస్తుంది, పొర ఊడిపోతుంది. చూడ్డానికి ఫైలు నిన్నటిలాగే ఉంటుంది కాబట్టి ఊడిన సంగతి మనకు తెలియదు.

మరి మీ కంప్యూటర్లో ఎలా పనిచేసింది? అక్కడే చాలామంది మోసపోతారు. అక్రోబాట్ రీడర్ లాంటి కొన్ని ప్రోగ్రాములు పేజీలో వెబ్ చిరునామాలాంటి అక్షరాలు కనపడితే, అక్కడ గడి లేకపోయినా, అప్పటికప్పుడు తామే ఒక లింకు కల్పిస్తాయి. క్రోమ్ బ్రౌజరు కూడా అంతే. అంటే మీరు పెట్టని లింకును మీ కంప్యూటరు తనంతట తాను పెట్టి చూపించింది. పిల్లవాడి ఫోన్లో ఉన్న రీడరు ఆ పని చేయదు. ఫైల్లో ఏముందో అదే చూపిస్తుంది.

అక్రోబాట్ రీడర్లో ఈ సాయాన్ని ఆపేయవచ్చు. ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్, అందులో జనరల్. అక్కడ 'క్రియేట్ లింక్స్ ఫ్రమ్ యూఆర్ఎల్స్' అన్నదానికి టిక్కు తీసేయండి. ఇప్పుడు మీ పాత పీడీఎఫ్ ఒకటి తెరిచి నొక్కి చూడండి. ఎన్ని మిగిలాయి?

1. ప్రింట్ దారిన వెళ్లకండి

మొదటి పిల్లవాడి ఫిర్యాదుకు నూటికి తొంభై పాళ్లు కారణం ఇదేనని నా అనుభవం. అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

వర్డ్‌లో పీడీఎఫ్ చేయడానికి రెండు దారులున్నాయి. ఫైల్ మెనూలో సేవ్ యాజ్‌కు వెళ్లి పీడీఎఫ్ ఎంచుకోవడం ఒకటి. ప్రింట్ నొక్కి, ప్రింటర్ల జాబితాలో 'మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్' ఎంచుకోవడం రెండోది. రెండింటిలోనూ చివరికి పీడీఎఫే వస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసినా తేడా కనపడదు. కానీ ప్రింట్ దారిలో ముందుకు వెళ్లేవి కాగితం మీద సిరాగా పడే సంగతులే. కనపడని గడికి సిరా ఏముంటుంది? కంప్యూటరు దాన్ని అక్కడే వదిలేస్తుంది. కాబట్టి ఎప్పుడూ మొదటి దారే.

క్రోమ్‌లో ఒక వెబ్ పేజీని పీడీఎఫ్ చేసేటప్పుడు ఇదే చిక్కు ఇంకో వేషంలో వస్తుంది. అక్కడ ప్రింట్ విండోలోనే 'సేవ్ యాజ్ పీడీఎఫ్', 'మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్' అని రెండూ ఒకే జాబితాలో ఉంటాయి. మొదటిది లింకులను ఉంచుతుంది, రెండోది తుడిచేస్తుంది.

మిగతా చోట్ల ఏం చేయాలో చకచకా చెప్తాను. గూగుల్ డాక్స్‌లో ఫైల్, డౌన్‌లోడ్, పీడీఎఫ్ డాక్యుమెంట్. లిబ్రె ఆఫీస్‌లో 'ఎక్స్‌పోర్ట్ యాజ్ పీడీఎఫ్'. మ్యాక్‌లో వర్డ్ వాడేవారికి సేవ్ చేసేటప్పుడు ప్రింటింగు కోసమా, ఎలక్ట్రానిక్ పంపిణీ కోసమా అని రెండు ఎంపికలు కనపడతాయి. ఎలక్ట్రానిక్ పంపిణీ ఎంచుకోండి. ఇన్‌డిజైన్‌లో ఇంటరాక్టివ్ పీడీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి. ప్రింట్ పీడీఎఫే కావాలంటే ఆ విండోలో హైపర్‌లింక్స్ అన్నచోట టిక్కు పెట్టడం మరవకండి. కాన్వాలో 'ఫ్లాటెన్ పీడీఎఫ్' అని ఒకటి ఉంటుంది. అది పేజీని ఒకే బొమ్మగా అణిచేస్తుంది. లింకులు కావాలంటే దాని జోలికి వెళ్లవద్దు.

మన ఆఫీసుల్లో, బడుల్లో రోజూ జరిగే ఇంకో పొరపాటుంది. సర్క్యులర్ టైపు చేస్తారు. అందులో ఒక గూగుల్ ఫారం లింకు ఉంటుంది. పెద్దసారు సంతకం, స్టాంపు పడాలి కాబట్టి ప్రింటు తీస్తారు. సంతకమయ్యాక ఫోనుతో స్కాన్ చేసి పీడీఎఫ్‌గా గ్రూపులో పెడతారు. ఇప్పుడది కాగితం ఫొటో. ఆ ఫారం నింపాల్సిన వాళ్లందరూ ఆ చిరునామాను అక్షరం అక్షరం చూసి టైపు చేసుకోవాలి. అది చిన్న ఎల్ అక్షరమా, పెద్ద ఐ అక్షరమా, ఒకటి అంకెనా? సున్నానా, ఓ అక్షరమా? ఒక్కటి తప్పినా ఫారం తెరుచుకోదు. చిన్నబడి, పెద్దబడి అక్షరాల తేడా కూడా అందులో లెక్కే. సాయంత్రం అయిదుకల్లా నింపాలన్న ఫారం కోసం ఒక టీచరు మధ్యాహ్నమంతా ఇలా గడపడం నేను చూశాను. దీనికి పరిష్కారం రెండు నిమిషాల పని. స్కాన్ కాపీతోపాటు లింకును విడిగా మెసేజీలో పెట్టండి. లేదా మీ ఆఫీసు ఒప్పుకుంటే, సంతకం బొమ్మను వర్డ్ ఫైల్లోనే చేర్చి అక్కణ్నుంచి పీడీఎఫ్ చేయండి.

2. చిరునామా మొత్తం ఇవ్వండి, ఒకే ముక్కగా ఇవ్వండి

ఇది రెండో పిల్లవాడి జబ్బు. చిరునామాను ఎప్పుడూ చేత్తో టైపు చేయకండి. బ్రౌజర్లో ఆ పేజీ తెరిచి, పైన గళ్లో ఉన్న చిరునామాను కాపీ చేయండి. ఫైల్లో లింకు కావలసిన మాటను సెలెక్ట్ చేసి, కంట్రోల్, కె రెండూ కలిపి నొక్కండి. వర్డ్‌లో, గూగుల్ డాక్స్‌లో, లిబ్రె ఆఫీస్‌లో అన్నిట్లోనూ ఇదే మీట. వచ్చిన గళ్లో కాపీ చేసింది అతికించండి. అంతే.

ఎక్కడెక్కడ తప్పుతామో చూడండి.

ముందు భాగం వదిలేయడం మొదటిది. 'హెచ్‌టీటీపీఎస్' అన్న మొదలును తీసేసి, సైటు పేరు మాత్రం ఆ గళ్లో రాస్తాం. అది వెబ్ చిరునామా అని వర్డ్‌కు తెలియదు. మీ కంప్యూటర్లోనే ఆ పేరుతో ఫైలుందనుకుంటుంది. పీడీఎఫ్‌లో ఆ లింకు సీ డ్రైవు, యూజర్స్, మీ పేరు అంటూ మీ ఇంటి దారి పట్టుకుంటుంది.

ఇలాంటిదే నాకూ జరిగింది. ఒక చిన్న పుస్తకాన్ని మూడు పీడీఎఫ్‌లుగా చేసి, మొదటిదాంట్లోంచి మిగతా రెండింటికీ లింకులిచ్చాను. మూడూ నా డెస్క్‌టాప్ మీద ఉన్నాయి కాబట్టి నేను నొక్కినప్పుడల్లా బ్రహ్మాండంగా తెరుచుకున్నాయి. చదివేవారి దగ్గర ఒక్కటీ తెరుచుకోలేదు. వాళ్ల కంప్యూటర్లో నా డెస్క్‌టాప్ ఎలా ఉంటుంది? పైగా ఆ లింకు మీద మౌస్ పెడితే నా కంప్యూటర్లోని ఫోల్డర్ల పేర్లు వరసగా కనపడుతున్నాయని ఒక స్నేహితుడు చెప్పాడు. ఫైలు నుంచి ఫైలుకు లింకు ఇవ్వాలంటే ముందు ఆ రెండో ఫైలును ఇంటర్నెట్‌లో ఎక్కడైనా పెట్టి, అక్కడి చిరునామా ఇవ్వండి. అన్నింటినీ కలిపి ఒకే పీడీఎఫ్ చేసేస్తే ఇంకా మేలు.

చిరునామా రెండు వరసల్లోకి విరగడం మరొకటి. పేజీ అంచు దగ్గర పొడుగాటి చిరునామా సగం పైన, సగం కింద పడుతుంది. మీరు గడి పెట్టకుండా రీడరు దయ మీద వదిలేస్తే, అది తరచుగా పై వరసనే చిరునామా అనుకుంటుంది. సగం చిరునామాతో వెళ్తే పేజీ దొరకలేదనే వస్తుంది కదా? వరస చివర అందం కోసం మనం చేర్చిన అడ్డగీత కూడా చిరునామాలో కలిసిపోతుంది. వాక్యం ముగిసిందని పెట్టిన చుక్కా అంతే. చిరునామా తర్వాత చుక్క పెట్టాల్సి వస్తే వాక్యాన్నే తిప్పి రాయండి.

3. చిరునామా దాచి పేరు చూపించండి

'తెలుగు' అన్న మాట మన కంటికి మూడక్షరాలు. కంప్యూటరుకు ఆరు సంకేతాలు. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. తెలుగు వికీపీడియాలో ఆ పేజీ చిరునామాను కాపీ చేసి అతికించి చూడండి. ఒక్కో సంకేతం పర్సెంటు గుర్తులతో కలిపి తొమ్మిది గుర్తులుగా మారుతుంది. మూడక్షరాల మాట 54 గుర్తుల చాంతాడు అవుతుంది. తెలుగులో శీర్షికలున్న ఏ సైటుకు లింకిచ్చినా ఇదే అవస్థ. పేజీలో దాన్ని అలాగే వదిలేస్తే చదివేవారికి చిరాకు, పైగా వరస విరగడం ఖాయం.

కాబట్టి చిరునామాను గడిలో దాచి, పైకి ఒక మాట కనపడనివ్వండి. ఏ మాట? 'ఇక్కడ నొక్కండి' అని మాత్రం రాయకండి. ఇది నేను గట్టిగా పట్టుబట్టే విషయం. చూపు లేనివారు టాక్‌బ్యాక్, ఎన్‌వీడీఏ లాంటి ప్రోగ్రాములతో ఫైలును వింటారు. పేజీలోని లింకులన్నీ ఒక జాబితాగా తెచ్చుకునే వీలు కూడా ఎన్‌వీడీఏలో ఉంది. వాళ్లకు 'ఇక్కడ నొక్కండి, ఇక్కడ నొక్కండి, ఇక్కడ నొక్కండి' అని పన్నెండుసార్లు వినపడితే ఏది ఎక్కడికి వెళ్తుందో ఎలా తెలుస్తుంది? 'త్రికోణమితి వీడియో పాఠం', '2019 ప్రశ్నపత్రం' అని రాయండి. చూపున్నవారికీ అదే సుఖం.

ఇంకో మాట. తెలియని లింకులు నొక్కవద్దని అందరూ హెచ్చరిస్తున్న కాలమిది. సైబర్ మోసం జరిగితే 1930కి ఫోన్ చేయమని ఊరూరా ప్రచారం జరుగుతోంది. మీ పాఠకుడు మీ లింకును అనుమానంగా చూస్తే అది అతని తెలివి. కాబట్టి ఏ సైటుకు వెళ్తుందో పక్కనే చెప్పండి. 'త్రికోణమితి వీడియో పాఠం, యూట్యూబ్' అంటే చాలు. పొట్టి లింకులు తయారుచేసే సేవలు అసలు చిరునామాను దాచేస్తాయి కాబట్టి, కాగితం మీద చూసి టైపు చేసుకోవాల్సిన చోట తప్ప వాటిని వాడకండి. వికీపీడియా తన పేజీలకు తానే పొట్టి చిరునామా ఇస్తుంది. పేజీ పనిముట్ల జాబితాలో ఉంటుంది. దాన్ని నిశ్చింతగా వాడవచ్చు.

4. తాళం తీశారా?

మూడో పిల్లవాడికి జవాబు. మీ గూగుల్ డ్రైవ్‌లో ఉన్న ఫైలు మొదట మీ ఒక్కరికే తెరుచుకుంటుంది. మీరు నొక్కితే మీ ఖాతా కాబట్టి రానిస్తుంది. మిగతావారిని పర్మిషన్ అడుగుతుంది. షేర్ నొక్కి, 'రిస్ట్రిక్టెడ్' అని ఉన్నచోట 'ఎనీవన్ విత్ ద లింక్' అని మార్చండి. పక్కన 'వ్యూయర్' అనే ఉండాలి. 'ఎడిటర్' అని ఉంచితే మీ ప్రశ్నపత్రాన్ని ఎవరైనా మార్చేయగలరు. మార్కుల జాబితాలు, పిల్లల ఫోన్ నంబర్లు ఉన్న ఫైళ్లకు మాత్రం ఈ తాళం ఎప్పటికీ తీయకండి.

5. విషయసూచికను నొక్కేలా చేయండి

ఇరవై పేజీలు దాటిన ఏ పీడీఎఫ్‌కైనా ఇది అవసరం. ఫోన్లో 140 పేజీలు వేలితో తోసుకుంటూ వెళ్లడం ఎంత కష్టమో మీకూ తెలుసు.

చాలామంది విషయసూచికను చేత్తో రాస్తారు. అధ్యాయం పేరు, చుక్కల వరస, పేజీ సంఖ్య. అది అచ్చు పుస్తకానికి సరిపోతుంది. పీడీఎఫ్‌లో దాన్ని నొక్కితే ఏమీ కాదు. వర్డ్‌లో ప్రతి అధ్యాయం పేరుకూ 'హెడింగ్ 1' స్టైల్ ఇవ్వండి. అక్షరాలు పెద్దవి చేసి బోల్డ్ పెట్టడం స్టైల్ ఇచ్చినట్టు కాదు. తర్వాత రెఫరెన్సెస్ మెనూలో 'టేబుల్ ఆఫ్ కంటెంట్స్' నొక్కితే సూచిక దానంతటదే తయారవుతుంది, ప్రతి వరసా లింకే. పీడీఎఫ్‌గా సేవ్ చేసేటప్పుడు ఆప్షన్స్‌లోకి వెళ్లి, హెడింగుల నుంచి బుక్‌మార్కులు తయారుచేసే గడికి టిక్కు పెడితే, రీడర్లో పక్కన అధ్యాయాల జాబితా కూడా వస్తుంది. ఆఖరున పాఠం పెరిగి పేజీలు మారితే సూచిక మీద కుడి క్లిక్కు చేసి 'అప్‌డేట్ ఫీల్డ్' నొక్కడం మరవకండి.

వేరేవాళ్ల పెద్ద పీడీఎఫ్‌లో ఒక పేజీకి లింకివ్వాలా? ఉదాహరణకు రెండు వందల పేజీల నోటిఫికేషన్లో సిలబస్ 143వ పేజీలో ఉందనుకోండి. చిరునామా చివర హ్యాష్ గుర్తు, ఇంగ్లీషులో పేజ్ అన్న మాట, ఈక్వల్ గుర్తు, 143 అంకె, మధ్యలో ఖాళీలు లేకుండా చేర్చండి. బ్రౌజర్లో తెరిచినవారికి నేరుగా ఆ పేజీ వస్తుంది. పేజీ కింద అచ్చయిన సంఖ్య కాదు, అట్ట నుంచి లెక్కపెట్టిన సంఖ్య ఇవ్వాలి.

6. మ్యాపు బొమ్మకు కూడా గడి కావాలి

"ఒరేయ్ చిన్నా, శుభలేఖలో మ్యాపు నొక్కుతుంటే ఏదీ రావట్లేదురా. మేము బస్టాండులో దిగి అరగంటైంది. కల్యాణమండపం ఎటు?"

"అక్కడే ఉండు బాబాయ్, లొకేషన్ పంపుతున్నా."

పెళ్లికొడుకు పీటల మీద కూర్చోబోతూ ఈ ఫోన్లు అందుకోవాలా? శుభలేఖలో ఎర్రటి మ్యాపు గుర్తు వేస్తారు గానీ అది ఉత్త బొమ్మ. దానికి లింకు తగిలించడం ఎవరికీ గుర్తుండదు. గూగుల్ మ్యాప్స్‌లో మండపం పేరు వెతికి, షేర్ నొక్కి లింకు కాపీ చేయండి. కాన్వాలో ఆ గుర్తును సెలెక్ట్ చేసి లింకు అతికించండి. వర్డ్‌లో అయితే బొమ్మ మీద నొక్కి కంట్రోల్, కె. గుర్తు ఒక్కదానికే కాదు, పక్కనున్న 'వేదికకు దారి' అన్న అక్షరాలకూ ఇవ్వండి. పెద్దవాళ్ల వేళ్లు గోరంత బొమ్మ మీద సూటిగా పడవు. తర్వాత పీడీఎఫ్‌ను వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గానే పంపండి. ఫొటోగా మార్చి పంపితే చేసిన శ్రమంతా పోయినట్టే.

ఫోన్ నంబరుకు కూడా లింకు పెట్టవచ్చు. చిరునామా గళ్లో ఇంగ్లీషులో 'టెల్' అన్న మాట, కోలన్ గుర్తు, ప్లస్ 91, తర్వాత నంబరు రాయండి. నొక్కగానే డయల్ తెర వస్తుంది. ఈమెయిలుకైతే 'మెయిల్‌టు', కోలన్, చిరునామా. పచ్చళ్లో చీరలో అమ్ముతూ ధరల జాబితా పీడీఎఫ్‌గా పంపేవారికి వాట్సాప్ లింకు ఇంకా పనికొస్తుంది. డబ్ల్యూఏ డాట్ ఎంఈ, స్లాష్ గీత, ఆపైన 91తో మొదలయ్యే నంబరు. ఇక్కడ ప్లస్ గుర్తు, ముందు సున్నా, మధ్యలో ఖాళీలు ఉండకూడదు.

7. క్యూఆర్ కోడ్ మీద కూడా

దీక్షా వేదిక వచ్చాక పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు మనకు అలవాటయ్యాయి. అచ్చు పుస్తకానికి అవి చాలా మంచివి. పీడీఎఫ్‌లో పెడితే? చదువుతున్నది ఫోన్లోనే, స్కాన్ చేయాల్సిందీ ఆ ఫోనుతోనే. ఎలా? కాబట్టి క్యూఆర్ బొమ్మ మీద కూడా అదే లింకు తగిలించండి. ప్రింటు తీసుకున్నవారు స్కాన్ చేస్తారు, ఫోన్లో చూసేవారు నొక్కుతారు.

అను ఫాంట్లలో పనిచేసేవారికి

మన తెలుగు డీటీపీలో చాలాకాలంగా పేజ్‌మేకర్, అను ఫాంట్లదే రాజ్యం. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం వెనక ఉండేది నిజానికి ఇంగ్లీషు సంకేతం. అలాంటి పీడీఎఫ్‌లో తెలుగు మాట వెతికితే దొరకదు. దాంతో 'మా పుస్తకంలో లింకులు కుదరవులెండి' అని చాలామంది ఆశ వదులుకుంటారు.

కుదురుతాయి. గడికి కింద ఏముందో పట్టదని ముందే చెప్పుకున్నాం కదా? అది అను అక్షరమైనా, వందేళ్లనాటి పుస్తకం స్కానైనా ఒకటే. పూర్తయిన పీడీఎఫ్‌ను అక్రోబాట్ ప్రోలో తెరవండి. డబ్బులు కట్టి కొనే ప్రోలో ఎడిట్ పీడీఎఫ్ కింద లింక్ అనే పనిముట్టు ఉంటుంది. దాంతో కావలసినచోట గడి గీసి, చిరునామాగానీ, ఆ ఫైల్లోనే వేరే పేజీగానీ ఇవ్వండి. విషయసూచికలో పదిహేను వరసలుంటే పదిహేను గడులు. పావుగంట పని. పేజీలో కనపడేలా వెబ్ చిరునామా అచ్చువేయాలంటే మాత్రం ఆ ముక్కకు ఫాంటు మార్చి మామూలు ఇంగ్లీషు ఫాంటు పెట్టండి. లేకపోతే అది అర్థంకాని తెలుగు అక్షరాల గుంపుగా పడుతుంది. ఈ చివరి తప్పు అచ్చయిన అట్టల మీద కూడా చూశాను. పుస్తకం మీద అంత ప్రేమ పెట్టిన రచయితకు అలా జరగడం చూస్తే బాధేస్తుంది.

8. పూర్తయ్యాక కెలకవద్దు

ఫైలు బరువు తగ్గించే సైట్లు, రెండు పీడీఎఫ్‌లు కలిపే ఆప్‌లు కొన్ని పేజీలను బొమ్మలుగా మార్చేస్తాయి. కొన్ని బయటి లింకులు ఉంచి, లోపలి సూచిక లింకులు పోగొడతాయి. కలపడం, తగ్గించడం ముందు చేసి లింకులు చివర పరీక్షించండి. ఫొటోలను వర్డ్‌లో పెట్టకముందే చిన్నవి చేసుకుంటే అసలు ఈ బాధే ఉండదు.

9. రెండేళ్ల తర్వాత?

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. వాట్సాప్ దాటిన పీడీఎఫ్ కూడా అంతే. వెనక్కి పిలిచి దిద్దలేరు. మీరు లింకిచ్చిన పేజీలు మాత్రం ఒక్కొక్కటే కనుమరుగవుతూ ఉంటాయి. 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్లకు దొరకకుండా పోయాయని ప్యూ రిసెర్చ్ సెంటర్ 2024లో లెక్కతేల్చింది. గూగుల్ వారి పొట్టి లింకుల సేవ 2019లో కొత్తవి ఇవ్వడం ఆపేసింది. ఎవరూ వాడటంలేదనుకున్న పాత లింకులను 2025లో మూసేసింది.

దీనికి నేను పాటించే ఉపాయం ఒకటుంది. మారిపోయే అవకాశమున్న లింకులను పీడీఎఫ్‌లో నేరుగా పెట్టను. అందరికీ తెరుచుకునే ఒక గూగుల్ డాక్ తయారుచేసి, ఆ లింకులన్నీ పాఠాలవారీగా అందులో రాస్తాను. పీడీఎఫ్‌లో ప్రతి పాఠం కింద ఆ ఒక్క డాక్‌కే లింకు. రేపు ఒక వీడియో పోతే డాక్‌లో మారుస్తాను. ఊళ్లో వంద ఫోన్లలో ఉన్న పీడీఎఫ్ జోలికి వెళ్లనవసరం లేదు. చాలా ముఖ్యమైన పేజీ అయితే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఒక కాపీ దాచి, ఆ చిరునామా కూడా పక్కన ఇస్తాను.

పంపే ముందు

మీ కంప్యూటర్లో మీ ఖాతాతో చేసే పరీక్ష పరీక్ష కాదు. అది మీకు అన్ని తలుపులూ తీసి ఉంచిన ఇల్లు. ఇంట్లో వేరేవాళ్ల ఫోను తీసుకోండి. మీ గూగుల్ ఖాతా అందులో ఉండకూడదు. వైఫై తీసేసి మొబైల్ డేటా పెట్టండి. బడిలో, ఆఫీసులో కొన్ని సైట్లు అక్కడి నెట్‌వర్కులో మాత్రమే తెరుచుకుంటాయి, అది కూడా బయటపడుతుంది. ఫైలును వాట్సాప్‌లోనే పంపుకుని, అక్కణ్నుంచే తెరవండి. తర్వాత ప్రతి లింకూ నొక్కండి. ప్రతి ఒక్కటీ. నలభై లింకులైతే పది నిమిషాలు పడుతుంది. రెండు నెలలు రాసినవారికి పది నిమిషాలు ఎక్కువా?

వీలైతే ఇంకొకరి చేత నొక్కించి, మీరు ఏమీ చెప్పకుండా చూడండి. వేలు ఎక్కడ తడబడుతోంది? లింకని తెలియక ఏది దాటేశారు? లింకు కానిదాన్ని నొక్కారా? కాగితం మీద రాసుకోండి. దిద్దేది అసలు వర్డ్ ఫైల్లో, పీడీఎఫ్‌లో కాదు. అందుకే ఆ అసలు ఫైలును జాగ్రత్తగా దాచుకోండి.

దిద్దాక మళ్లీ పీడీఎఫ్ చేసి, పేరులో తేదీ చేర్చండి. పాతదీ కొత్తదీ కలిసిపోవు. గ్రూపులో కొత్త ఫైలు పెట్టి, పాతది తీసేయమని ఒక వాక్యం రాయండి. ఆ రాత్రి మెసేజీ పెట్టిన ముగ్గురు పిల్లలకు మాత్రం విడిగా పంపి, ఇంకోసారి నొక్కి చూడమని అడగండి. మొదట నొక్కి చూసింది, చూసి ఊరుకోకుండా మీకు చెప్పింది వాళ్లే.